కాత్రి స్కీలు

కిందటి వారం పత్రికను పక్కింటివాళ్ళు పట్టుకెళ్ళి తిరిగి ఇవ్వనివాళ్ళ కోసం ముందు నాలుగు ముక్కలు. తంపెరే ఊళ్ళో పుస్తకాల బస్సు నడిపే ఔతికి నలభై ఒక్కేళ్ళు. పేటపేటకీ బస్సు తిప్పి పిల్లలకీ ముసలివాళ్ళకీ పుస్తకాలు అందించే మనిషి, లేక లేక ఇల్పో మీద మనసు పడింది. ఇల్పో పంపుల ఫ్యాక్టరీలో మేస్త్రీ. అతని భార్య కాత్రి పోయి మూడేళ్ళయింది. పద్నాలుగేళ్ళ కూతురు పిహ్లా ఉంది. కాత్రి పోయింది ఉత్తరాన, లాప్‌లాండ్ కొండల్లో, స్కీ సెలవులకి వెళ్ళినప్పుడే. ఆ తరవాత తండ్రీకూతుళ్ళు ఆ దిక్కు తొంగి చూడలేదు. ఈ ఏడు ఆ కొండల్లోనే ఉన్న ఫ్యాక్టరీ సంఘం వాళ్ళ కాటేజీకి చీటీలు తీస్తే ఏడాదిలో తొమ్మిదో వారం, సరిగ్గా బడి సెలవుల వారం, ఇల్పో పేరుకి వచ్చింది. "నువ్వూ రావాలి" అన్నాడతను ఔతితో. "దానికేం, వస్తాను" అంది ఔతి. పదకొండో ఏటి తరవాత తను స్కీల మీద కాలు పెట్టలేదన్న సంగతి మాత్రం చెప్పలేదు. ఆ అబద్ధం అలా నోట్లో పెట్టుకుని ఆవిడ నవ్వుతుండగా మనం వదిలేశాం.

ఆదివారం మధ్యాహ్నం ఇల్పో వంటింటి బల్ల చుట్టూ నలుగురు కూర్చున్నారు. బల్ల మీద కాఫీ కూజా, ఇల్పో గళ్ళ కాగితం మీద రాసిన జాబితా, సిర్కా తెచ్చిన మీగడ బన్నులు. సిర్కా ఇల్పోకి అక్క. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. మోకాళ్ళు అరిగిపోవడంతో తను ప్రయాణాలు మానేసింది గానీ, ఇతరుల ప్రయాణాలకి ఏర్పాట్లు చెయ్యడం మానలేదు.

"బాదం ముద్ద పెట్టినవి ఆరు, జామ్ పెట్టినవి రెండు," అంది సిర్కా డబ్బా మూత తీస్తూ. "మనింట్లో జామ్ తినే పాపిష్టివాళ్ళు లేరనుకో. కొత్తవాళ్ళ సంగతి మనకి తెలీదు కదా అని తెచ్చా."

చూపంతా ఔతి మీదే. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఔతి జామ్ బన్నే తిన్నది. వాళ్ళింట్లో బాదం ముద్ద అంటే సబ్బు తిన్నట్టుంటుందని వెక్కిరించేవాళ్ళు.

"నేనూ బాదమే," అంది ఔతి, ఒకటి తీసుకుని.

మనసు పడ్డ మనిషి అంతే. పెద్ద అబద్ధానికి తోడు చిన్న అబద్ధాలు ఎన్నయినా మింగుతుంది, పైన మీగడ ఉంటే చాలు.

ఇల్పో జాబితా చదివాడు. శుక్రవారం సాయంత్రం కారుని రైలెక్కించాలి. పొద్దున్నకి అక్కడ. దుప్పట్లూ తువాళ్ళూ ఇంటినుంచే. రై రొట్టెలు ఆరు, సాసేజీలు మూడు కిలోలు, బ్లూబెర్రీ రసం నాలుగు సీసాలు. సౌనా ఆవిరిగదికి కట్టెలు సంఘంవాళ్ళే ఇస్తారు, చీల్చుకోవడం మన పని. వచ్చేముందు నేల కడిగి రావాలి. ఎవరెవరు వస్తున్నారో పేర్లు రేపు మధ్యాహ్నం లోపల కార్యదర్శి రెయ్నోకి చెప్పాలి, లేకపోతే ఆ వారం కాస్తా తరవాతి చీటీవాళ్ళకి పోతుంది. మూడేళ్ళలో మొదటిసారి ఇల్పో గొంతులో ఉత్సాహం వినిపించింది. ఔతికి ముచ్చటేసింది. ముచ్చటతోపాటు భయమూ వేసింది.

పిహ్లా బన్ను ముట్టుకోలేదు. కిటికీలోంచి మంచు తోసే బండిని చూస్తూ కూర్చుంది.

"అంతా బానే ఉంది గానీ, ఔతీ, నీకు స్కీలున్నాయా?" అంది సిర్కా.

"ఉన్నాయి. మా అమ్మా వాళ్ళ కొట్టులో. పాతవి."

"ఎందుకా డొక్కు సరుకు? సెల్లార్లో కాత్రివి బంగారంలాంటివి పడి ఉన్నాయి. నువ్వూ దాదాపు దాని ఎత్తే. బరువంటావా, ఓ నాలుగు కిలోలు ఎక్కువుంటావేమో, దానికేం విరిగిపోవు. ఏరా ఇల్పో, ఏమంటావ్?"

పిహ్లా కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. అమ్మాయి లేచి, గోడ మేకుకున్న సెల్లార్ తాళంచెవి తీసుకుని, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా బయటికి వెళ్ళిపోయింది.

"వాటిని ఎవరూ ముట్టుకోవద్దు," అన్నాడు ఇల్పో. కసిరినట్టే అన్నాడు. అతని గొంతు అంత గట్టిగా వినడం ఔతికి అదే మొదలు.

"అయ్యో, నేనేమన్నానురా? ఇనప్పెట్టెలో నగలా అవి, చెక్కముక్కలు! ఆడేవాళ్ళుంటే ఆడతారు, లేకపోతే ఎలుకలు కొరుకుతాయి."

"అక్కా, ఇక చాలు."

సిర్కాకి కోపం వచ్చింది. మిగిలిన బన్నులు లెక్కపెట్టి మరీ ఫ్రిజ్‌లో పెట్టి, కోటు తొడుక్కుని, "మంచికి పోతే చెడు ఎదురవుతుందంటే ఇదే," అనుకుంటూ వెళ్ళిపోయింది.

ఔతి అతని ఎదురుగా కుర్చీ జరుపుకుని కూర్చుంది.

"ఆవిడ జ్ఞాపకమని దాచుకున్నావు. తెలుసులే. నాకు ఆ స్కీలు వద్దు."

"జ్ఞాపకమని కాదు." ఇల్పో జాబితా కాగితాన్ని మడిచి, మళ్ళీ మడిచి, ఇక మడత పడనంత చిన్నది చేశాడు. "వాటి అడుగున ఆ రోజు నేను పూసిన మైనం అలానే ఉంది. మూడేళ్ళయింది. గీకలేదు. గీకడానికి చేతులు రాలేదు."

ఔతి ఊరుకుంది. పుస్తకాల బస్సులో నేర్చుకున్న విద్య అది. ఎదుటి మనిషి చెప్పబోయే మాటకి అడ్డం రాకపోవడం.

"మా ఇంట్లో ఆ రోజు మంచుని బట్టి స్కీలకి మైనం పూసేది ఎప్పుడూ నేనే. ముగ్గురివీ. ఆ రోజు పొద్దున చలి లేదు, మంచు కరిగేట్టుంది. జిగురు మైనం పూశాను, అందరివాటికీ. తరవాత కాఫీ ఎవరు కాయాలన్న దాని మీద కాత్రితో పోట్లాట. కాఫీ మీద, ఔతీ! నిన్న నేను కాచాను, కాదు నేనే కాచాను, అదీ సంగతి. ఈలోపు రేడియోలో చెప్పాడు, మధ్యాహ్నానికి చలి దిగుతుంది, కొత్త మంచు పడుతుందని. కొత్త మంచులో జిగురు మైనంతో వెళ్తే ఏమవుతుందో నీకూ తెలుసు కదా."

ఔతికి తెలియదు. తల ఊపింది.

"ముద్దలు ముద్దలుగా అతుక్కుంటుంది. అడుగు జారదు. కాలికి బండరాయి కట్టుకుని నడిచినట్టే. నేను లేచి నా స్కీలు గీకి గట్టి మైనం పూసుకున్నాను. పిహ్లావి మార్చాను. కాత్రివి..." అతను ఆగాడు. "నీవి నువ్వే చూసుకో అనుకున్నాను. కోపంలో అనుకున్నాను, పైకి అనలేదు కూడా. రేడియో మాట తనకి చెప్పలేదు. నేను అలిగి బసలోనే ఉండిపోయాను, వాళ్ళిద్దరూ వెళ్ళారు. కొండ మలుపు ఎక్కేటప్పుడు పడిపోయింది."

"తలలో నరం చిట్లిందన్నారు కదా డాక్టర్లు? మంచం మీద పడుకుని ఉన్నా చిట్లేదని నువ్వే చెప్పావు నాకు."

"వాళ్ళు అలానే అన్నారు. వాళ్ళు ఆ స్కీల అడుగు చూళ్ళేదు. నేను చూశాను. ఒక్కోదానికి రెండేసి కిలోల మంచు." ఇల్పో కళ్ళెత్తాడు. "పిహ్లాకి తెలీదు. వాళ్ళ నాన్న మైనం పూశాడంటే తిరుగులేదని స్నేహితులకి చెప్పుకుంటుంది అది. నువ్వు దానికి చెప్పకూడదు. మాటివ్వు."

ఔతి మాటిచ్చింది. అతని మీద జాలితో, ఇంత మాట తనని నమ్మి చెప్పాడన్న సంతోషంతో, ఏమీ ఆలోచించకుండానే ఇచ్చేసింది. జాలిలో ఇచ్చిన మాట తాగి పెట్టిన సంతకం లాంటిది. తెల్లారాక గానీ బరువు తెలీదు. ఔతికి తెల్లారేదాకా కూడా ఆగలేదు.

"నువ్వు కాసేపు పడుకో. నేను వెళ్ళి పిహ్లాని తీసుకొస్తాను," అని ఆవిడ సెల్లార్‌లోకి దిగింది.

ఆ పాత ఫ్లాట్ల సెల్లార్‌లో దీపాలు మూడు నిమిషాలకి వాటంతట అవే ఆరిపోతాయి. మళ్ళీ గోడ మీద మీట నొక్కాలి. వరసగా ఇనప వల తలుపుల కొట్లు, ఒక్కో కుటుంబానికి ఒకటి. పదకొండో నంబరు కొట్టు తెరిచి ఉంది. పిహ్లా బోర్లించిన స్లెడ్జి బండి మీద మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది. వెనక గోడకి మూడు జతల స్కీలు. ఒక జతకి పొడుగాటి నీలం గుడ్డ సంచీ తొడిగి ఉంది.

"పట్టుకుపోదామని వచ్చావా?" అంది పిహ్లా.

"లేదు. నాకవి వద్దని మీ నాన్నకి చెప్పేశాను."

"చెప్తావు మరి. నీకు స్కీయింగ్ వస్తే కదా."

ఔతి వల తలుపు పట్టుకుని నిలబడింది. "ఎవరన్నారు?"

"ఎవరనాలి? క్రిస్మస్‌కి నాన్న గడ్డకట్టిన సరస్సు మీద స్కీలకి పోదాం అంటే నీకు చీలమండ నొప్పి. జనవరిలో జలుబు. కిందటి వారం బస్సు బ్యాటరీ పోయిందన్నావు. అబద్ధాలు ఆడేవాళ్ళు కనీసం ఒకే అవయవం నొప్పి అనాలి ఔతీ, గుర్తుంటుంది."

పిల్ల నోరు సిర్కా నోరే అనుకుంది ఔతి. నవ్వొచ్చింది కూడా. నవ్వితే పని చెడుతుందని ఆపుకుంది.

"నిజమే. రాదు. పదకొండో ఏటే మానేశాను. బడిలో స్కీ పోటీ, అయిదు కిలోమీటర్లు. నేను వచ్చేసరికి గడియారం పట్టుకున్న టీచరు కూడా ఇంటికెళ్ళిపోయింది. చీకటిపడే వేళకి ఒక్కదాన్నే గీత దాటాను. చప్పట్లు కొట్టడానికి కుక్క కూడా లేదు. మర్నాడు గోడ మీద నా పేరు ఎదురుగా అంకె కూడా వెయ్యలేదు, గీత కొట్టి వదిలేశారు. ఇంటికొచ్చి స్కీలు కొట్టులో పడేశాను. అంతే."

"నాన్నకి చెప్తే?"

"చెప్పు. ఎప్పుడో ఒకప్పుడు తెలిసేదేగా."

ఆ జవాబు పిహ్లా అనుకోలేదు. కాసేపు చెప్పు కొసతో నేల మీద గీతలు గీసింది. "చెప్పను. కానీ నువ్వో పని చెయ్యి. నువ్వు రానని చెప్పు నాన్నకి. పనుందనో, ఇష్టం లేదనో. నువ్వు రాకపోతే తనూ మానేస్తాడు. ఎవరమూ వెళ్ళక్కర్లేదు."

"నామీద కోపం ఉంటే నేనొక్కదాన్నీ మానేస్తాను. మీరిద్దరూ ఎందుకు మానాలి? మీ నాన్న ఎంత సంబరపడుతున్నాడో చూశావుగా."

"నీ మీద కోపమేంటి? నువ్వెవరు కోపం రావడానికి?" అంది పిహ్లా. సరిగ్గా అప్పుడే దీపం ఆరిపోయింది.

ఔతి మీట కోసం గోడ తడిమింది.

"వెయ్యకు," అంది చీకట్లోంచి పిహ్లా. గొంతు మారిపోయింది. "వెయ్యకు. అలానే ఉండు."

ఔతి ఉన్నచోటే కూర్చుంది. సిమెంటు నేల చల్లదనం పిక్కల్లోకి పాకింది.

"అమ్మ పిలిచింది," అంది పిహ్లా. "ఆ రోజు. నేను ముందు వెళ్తున్నాను. పిహ్లా, ఆగు అంది. రెండుసార్లు అంది. నాకు వినిపించింది."

ఔతి ఊపిరి కూడా మెల్లగా పీల్చుకుంది.

"వినిపించనట్టు పోయాను. కొండ అవతల కాఫీ గుడిసె ఉంది కదా, అక్కడ డోనట్లు వేడివేడిగా వేస్తారు. ముందు చేరినవాళ్ళకి పెద్దది. అది ఎప్పుడూ మా ఆట. అమ్మ ఎప్పుడూ నన్నే గెలవనిచ్చేది. ఆ రోజు తను వెనకబడిపోతుంటే, నిజంగానే గెలుస్తున్నాననుకున్నాను. నిజంగా. పెద్దదే కొనుక్కున్నాను. బల్ల మీద కూర్చుని తింటున్నాను. కిటికీలోంచి మంచు స్కూటరు వెళ్ళడం చూశాను. ఎవరికో దెబ్బ తగిలిందంట అనుకుంటున్నారు అక్కడ. నేను తింటూనే ఉన్నాను ఔతీ. వేళ్ళకున్న చక్కెర కూడా నాకాను."

పదకొండేళ్ళప్పుడు ఏడవాల్సిన ఏడుపు పద్నాలుగో ఏట వచ్చింది, పెద్దమనిషి గొంతుతో. ఔతి చీకట్లో పాక్కుంటూ వెళ్ళి ఆ పిల్లని దగ్గరికి తీసుకుంది. తోసేస్తుందేమో అనుకుంది. తోయలేదు.

"ఆగి ఉంటే చూసేదాన్ని. ఎవరినైనా పిలిచేదాన్ని. తనకి నొప్పి మొదలైంది, అందుకే వెనకబడింది, అందుకే పిలిచింది. నేను ఆగలేదు. అక్కడికి మళ్ళీ ఎలా వెళ్ళను? నాన్నకి తెలిస్తే నా మొహం చూస్తాడా? నువ్వు చెప్పకూడదు. ఒట్టెయ్యి."

ఔతి మనసులో ఏమయిందో చెప్పడానికి పెద్ద మాటలు అక్కర్లేదు. ఆ పిల్ల నెత్తిన ఉన్న కొండని ఒక్క మాటతో దించగలదు. అమ్మ వెనకబడింది నొప్పితో కాదే తల్లీ, స్కీలకి మంచు అతుక్కుని. ఆగమంది అందుకే, ఇద్దరూ కలిసి గీకుదామని. నువ్వు ఆగినా నరం ఆగేది కాదు. ఈ మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ పైన మూడో అంతస్తులో ఒక మనిషి ఇందాకే తన దగ్గర మాట తీసుకున్నాడు. ఆ మాట తప్పితే తండ్రి పరువు కూతురి ముందు నేల పాలు. తప్పకపోతే ఈ ఏడుపు ఎప్పటికీ ఇలాగే. తండ్రీ కూతురూ ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర, చెరొక నేరం మోస్తూ మూడేళ్ళు ఒకళ్ళకొకళ్ళు కాఫీ అందించుకున్నారు. మధ్యలో తను ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఒట్టు వెయ్యను," అంది ఔతి. "కానీ నువ్వు చెప్పింది నా నోటినుంచి బయటికి పోదు. పిహ్లా, ఇక్కడే ఉంటావా కాసేపు? ఎక్కడికీ పోకు."

"ఎందుకు?"

"నీకు తెలియాల్సింది ఒకటుంది. అది చెప్పాల్సింది నేను కాదు."

మీట నొక్కి, దీపం వెలిగించి, మెట్లెక్కింది. లిఫ్ట్ కోసం ఆగే ఓపిక లేదు.

ఇల్పో వంటింట్లోనే ఉన్నాడు, మడతపెట్టిన జాబితాని మళ్ళీ విప్పి చదును చేస్తూ.

"కిందికి వెళ్ళు," అంది ఔతి ఆయాసపడుతూ. "నాకు చెప్పింది దానికి చెప్పు. మైనం సంగతి. అంతా."

అతనికి అర్థం కావడానికి క్షణం పట్టింది. "చెప్పేశావా?"

"లేదు. నువ్వు చెప్పాలి."

"మాటిచ్చావు నువ్వు. గంట కూడా కాలేదు ఔతీ!"

"ఇచ్చాను. నేను చెప్పనంటే చెప్పను. నువ్వు చెప్పకపోతే మాత్రం నీ ముఖం నేను చూడలేను, అదీ నిజం."

"దానికేం తెలుసని? నిక్షేపంగా ఉన్న పిల్లని..."

"నిక్షేపంగా ఉందా?" ఔతి గొంతు లేచింది. "నేనెరిగిన్నాళ్ళూ చూస్తున్నాను, ఆ పిల్ల తియ్యటి బన్ను ముట్టుకోదెందుకో ఎప్పుడైనా అడిగావా? సన్నబడాలని మానేసిందనుకున్నావా? స్కీల అడుగున మంచు ఎంత ఉందో చూశావు గానీ, ఎదురుగా కూర్చున్న పిల్ల మొహం చూడలేదు నువ్వు."

ఇల్పో మొహం తెల్లబోయింది. లేచాడు. తలుపు తెరిచే ఉంచి మెట్లు దిగిపోయాడు. ఇంటి చెప్పులు మెట్టు మెట్టుకీ చప్పుడు చేస్తూ కిందిదాకా వెళ్ళాయి.

ఔతి కప్పులు కడిగింది. కడిగినవే మళ్ళీ కడిగింది. ఇరవై నిమిషాలయింది. అరగంటయింది. కిటికీ బయట వీధి దీపాలు వెలిగాయి. ఇకమీదట ఈ ఇంట్లో ఎవరి రహస్యమూ మొయ్యకూడదు, చచ్చినా మొయ్యకూడదని ఆవిడ తువ్వాలుతో కప్పు తుడుస్తూ గట్టిగా అనుకుంది. తరవాత, తన రహస్యం ఒకటి ఇంకా అలాగే ఉందని గుర్తొచ్చి సిగ్గుపడింది.

ముప్పావుగంటకి ఇద్దరూ వచ్చారు. ఇద్దరి కళ్ళూ ఉబ్బి ఉన్నాయి. పిహ్లా తండ్రి స్వెట్టర్ తొడుక్కుని ఉంది, దాని చేతులు వేళ్ళు దాటి వేలాడుతున్నాయి. ఔతి వైపు చూడకుండా తన గదిలోకి వెళ్ళింది. ఇల్పో కుళాయి విప్పి మొహం కడుక్కున్నాడు.

"చెప్పాను," అన్నాడు. "అదీ తన సంగతి చెప్పింది." నీళ్ళు గడ్డం మీంచి కారుతున్నా తుడుచుకోలేదు. "ఔతీ, నువ్వు చేసింది మంచికే. కాదనను. కానీ ఈసారి మేమిద్దరమే వెళ్తాం. నువ్వు వద్దు."

గొంతులో కోపం లేదు. అందుకే ఎక్కువ నొప్పేసింది. వారం రోజులుగా ఎలా తప్పించుకుందామా అని దారులు వెతుక్కున్న ప్రయాణం అది. ఇప్పుడు వద్దన్నాక, జీవితంలో ఇంకేమీ అంతగా కావాలనిపించలేదు ఆవిడకి.

"సరే," అంది. కోటు తొడుక్కుంది. మఫ్లర్ చుట్టుకుంది. బూట్ల తాడు రెండుసార్లు తప్పు ముడి పడింది.

రెండో అంతస్తు దగ్గరుండగా పైనుంచి మేజోళ్ళ కాళ్ళతో పిహ్లా దిగొచ్చింది.

"ఔతీ. నేను ఏడుస్తున్నప్పుడు నీకు తెలుసు కదా? మైనం సంగతి."

"తెలుసు."

"అయినా చెప్పలేదు."

"చెప్పలేదు."

పిహ్లా రెయిలింగు మీద పెయింటు గోటితో గిల్లుతూ నిలబడింది. ఇక తిడుతుందనుకుంది ఔతి. తిట్టి ఉంటే బావుండేది కూడా.

"నాన్న ఊరికే అన్నాడు ఇద్దరమే అని. తనకి సిగ్గుగా ఉంది నీ ముందు. నువ్వు చూసేశావు కదా ఏడవడం. రెండు రోజులాగితే దిగొస్తాడు," అంది పిహ్లా. తరవాత గొంతు తగ్గించింది. "మంగళవారం నాలుగింటికి సరస్సు ఒడ్డుకి రా. మా అత్త పాత స్కీలు తెస్తాను. చిన్నపిల్లల దారి ఒకటుంది అక్కడ, ఎవరూ చూడరు. ప్రయాణానికి ఇంకా మూడు వారాలుంది, నేర్పిస్తా. పడితే నవ్వుతాను, అది నీ ఖర్మ. నాన్నకి మాత్రం చెప్పకు. సరేనా? నీకు రాదన్న సంగతి తనకి ఎప్పటికీ తెలియక్కర్లేదు."

చెయ్యి చాచింది, మాటిచ్చి చెయ్యి కలపమని. స్వెట్టర్ చేతిలోంచి వేళ్ళ కొసలే కనిపిస్తున్నాయి.

ఆ చెయ్యి పట్టుకోవాలని ఔతికి ప్రాణం కొట్టుకుంది. ఇన్నాళ్ళూ ఆ చెయ్యి కోసమే కదా అబద్ధాలాడింది, బాదం ముద్ద మింగింది.

"మంగళవారం వస్తాను," అంది. "కానీ చెప్పకుండా రాను."

"నీకేమన్నా పిచ్చా? నాన్న ఏమనుకుంటాడు? ఇన్నాళ్ళు అబద్ధమాడావని..."

"ఆడాను కదా. అదే అనుకుంటాడు."

"ఈ పూట కాదు! ఈ పూట వద్దు ఔతీ!"

ఔతి అప్పటికే వెనక్కి తిరిగి మెట్లెక్కుతోంది. మంచు బూట్లతో రెండేసి మెట్లు. వెనక పిహ్లా పరుగు. తలుపు గడియ వెయ్యలేదు. ఇల్పో హాల్లో నిలబడి ఉన్నాడు, ఫోను చెవి దగ్గర పెట్టుకుని, ఇటు వీపు పెట్టి.

"అవును రెయ్నో, తొమ్మిదో వారమే. రాసుకో. నేను, పిహ్లా. అవును, ఇద్దరమే..."

"ఇల్పో," అంది ఔతి.

అతను తిరిగాడు.

"నాకు స్కీయింగ్ రాదు. ఎప్పుడూ రాదు. చీలమండకేమీ కాలేదు, జలుబూ లేదు, బస్సు బ్యాటరీ నిన్న కొన్నంత బాగుంది. బాదం బన్ను నాకు సబ్బులా ఉంటుంది. ఇన్నాళ్ళూ నీకు అబద్ధాలు చెప్పాను. అయినా నేను వస్తాను. నేల కడుగుతాను, కట్టెలు చీలుస్తాను, మీరిద్దరూ కొండ మీదికి వెళ్తే తిరిగొచ్చేదాకా గుమ్మంలో నిలబడతాను. నన్ను వదిలి వెళ్ళకండి."

ఇల్పో ఫోను కిందికి దించాడు. ఔతి వైపు చూశాడు. ఆవిడ వెనక ఆయాసపడుతూ నిలబడ్డ కూతురి వైపు చూశాడు. పిహ్లా మొహంలో ఏం వెతికాడో, ఏం దొరికిందో, ఫోను మళ్ళీ మెల్లగా పైకెత్తాడు. ఫోనులోంచి రెయ్నో కీచు గొంతు హాలంతా వినిపిస్తోంది.

"హలో? ఇల్పో? ఉన్నావా? పెన్ను పట్టుకుని కూర్చున్నానయ్యా. ఇద్దరనే రాసెయ్యమంటావా?"